ఇనుప దండెం

మాణిక్యమ్మ పిండిన చీరను రెండు చేతులా పట్టి గట్టిగా దులిపి దండెం మీదికి విసిరింది. చీర సగం అటు జారాక అంచులు సరిచేసుకుంటూ పెరటి ఆ కొస దాకా నడిచింది. నడుమ ఒకచోట మాత్రం బట్టను పైకెత్తి దాటించింది. అక్కడ దండేనికి ఎర్రటి పేలిక చుట్టి ఉంది. దాని కింద వెంట్రుకంత ఇనుప ముల్లు లేచి ఉంటుంది. పోయిన వానాకాలంలో అత్త నాగులమ్మ చీర ఆ ముల్లుకు తగిలి జానెడు చిరిగింది. ఆ చిరిగిన ముక్కనే మాణిక్యమ్మ దానికి చుట్టింది.

అది ఊళ్లో అందరికీ ఉండే కొబ్బరితాడు దండెం కాదు. సన్నని ఇనుప తీగెలను పేని చేసిన తాడు. చిటికెన వేలికన్నా సన్నం, అయినా ఎన్ని తడిబట్టలు వేసినా కుంగేది కాదు. శేరిగూడ నుంచి చుట్టాలొస్తే నాగులమ్మ వాళ్లకు ముందు దండేన్నే చూపించేది. తమ దండెం మొగులు మీద తిరిగి వచ్చిందని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె కొడుకు సంజీవ పట్నంలో విమానాలు దిగే చోట మెకానిక్కుల దగ్గర పని చేస్తాడు. అది విమానం కడుపులోంచి తీసిన తాడే.

రెండో చీర దులుపుతుండగా ముందువాకిట్లో చెప్పుల చప్పుడయింది. మాణిక్యమ్మ చేతులు ఆగిపోయాయి. సంజీవ వచ్చేది శుక్రవారం సాయంత్రం. అది మంగళవారం పొద్దున. ఆ ఏడు ఊళ్లో చెప్పకుండా వచ్చిన మనిషిని చూస్తే ఎవరికైనా గుండె జారేది. ఇక్కడి నవాబు సర్కారుకూ ఢిల్లీకీ మాటలు చెడ్డాయనీ, సరిహద్దు దాటి ఫౌజు వస్తుందనీ బస్సు దిగిన ప్రతివాడూ ఒక కొత్త కబురు తెచ్చేవాడు. ఉప్పు దొరకడం లేదు. రోడ్డు మీద లారీ చప్పుడు వినపడితే జనం దీపం మలిపి కూర్చునేవారు.

సంజీవ వెనక అబ్బాస్ కూడా ఉన్నాడు. అదే ఊరివాడు, నాలుగిళ్ల అవతలే ఉంటాడు. విమానాల దగ్గర పెద్ద మెకానిక్కు. సంజీవకు ఆ కొలువు ఇప్పించిందీ, పానా పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. ఇద్దరూ ఇంట్లోకి పోకుండా నేరుగా పెరట్లోకి వచ్చి, మనుషుల వైపు కాక దండెం వైపు చూశారు.

"చెల్లె, నీ దండెం తీస్కపోనీకె వచ్చినం," అన్నాడు అబ్బాస్. "ఫికర్ చెయ్యకు. ఇంకో తాడు నేను కట్టిస్త."

నాగులమ్మ గడప మీద కూర్చుని చెవులు రిక్కించింది. "గదేంది బిడ్డా, ఇచ్చినోళ్లే గుంజుకుంటరా? మరి నా బట్టలు మొగులు మీద ఆరేసుకోవాల్నా?"

అబ్బాస్ నవ్వబోయాడు. నవ్వు మొగం దాకా రాలేదు. "పైకెళ్లి హుకుం వచ్చిందవ్వా. ఇమానాల తాళ్లన్ని సూడాలె, ఎగిరే గంటలు మించినయి మార్చాలె. మార్చకుంటే లేవనియ్యరు. కొత్తయి బొంబాయికెళ్లి రావాలె. రైళ్లే బందైనంక తాళ్లు యాడికెళ్లి వస్తయ్?"

మిగిలిన సంగతి ఆయన గోడకు ఆనుకొని మెల్లగా చెప్పాడు. రెండు విమానాలు అప్పటికే షెడ్డులో నిలబెట్టేశారు. మూడోదానికి అన్నీ సరిగానే ఉన్నాయి గానీ, నడిపేవాడి చేతికాడ నుంచి తోక దాకా పోయే తాడు ఒక్కటి పాడైంది. ముక్కు పైకెత్తాలన్నా దించాలన్నా ఆ తాడే దిక్కు. ఎక్కడన్నా పాతది ఒక్కటి దొరకదా అని షెడ్డు మీద అధికారి అయిన సాబు అడిగాడు. తీసేసిన తాడును ఇద్దరి ముందు రెండు ముక్కలుగా కోసి పారేయాలన్నది అక్కడి కాయిదా. ఈ తాడును మాత్రం సంజీవ కోయలేదు. ఇంత మంచి ఇనుప తాడు, మట్టిలో పడేయడానికి అతనికి చేయి రాలేదు. నడుముకు చుట్టుకొని పైన అంగీ వేసుకొని బస్సెక్కాడు. అబ్బాస్ చూసీ చూడనట్టు ఊరుకొని, అన్నీ కోసేశామని సాబుకు చెప్పాడు. ఇప్పుడు సాబు అడగ్గానే ఆయనకు ఈ పెరడు గుర్తుకొచ్చింది. ఎక్కడిదని మాత్రం చెప్పలేదు. ఒకటి దొరుకుతుంది, తెస్తానన్నాడు.

"గంటలు అయిపోయినయని తీసినం గని తెగిందని గాదు," అన్నాడు అబ్బాస్, ఎవరూ అడగకపోయినా.

మాణిక్యమ్మ తడిబట్టలన్నీ మళ్లీ తీసి గంపలో వేసుకుంది. మగవాళ్లు నిలబడి ఉన్నారు, తొందరగా ఖాళీ చేయాలి. పేలిక కూడా కనిపించింది. పరాయి మనిషి ముందు చిరుగుపాత వేలాడుతుంటే బాగుండదని ముడి విప్పి కొంగులో దోపుకుంది. ఆ సమయంలో ఆమె ఇంకేమీ తలచలేదు.

సంజీవ తాడును కిందికి దించి, పశువుల గుంజలు రెండింటికీ నడుమెత్తున బిగించి కట్టాడు. పాత ధోతి ముక్క ఇమ్మన్నాడు. మాణిక్యమ్మ తెచ్చిచ్చింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి తాడు చుట్టూ వేసి పిడికిలి బిగించాడు.

"ఏం పూజరా ఇది?" అంది నాగులమ్మ.

"గుడ్డ గుంజుకుంట పోతమవ్వా," అన్నాడు అబ్బాస్. "తీగె యాడన్న తెగితే గుడ్డను పట్టుకుంటది. పట్టుకుంటే ఆ తాడు పనికి రాదు. కంటికి దొరకనిది గుడ్డకు దొరుకుతది."

సంజీవ నడవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క అడుగు వేస్తూ, తల వంచి, పిడికిలిలో తాడు జారుతుంటే దాని మాట వింటున్నట్టు నడిచాడు. తుప్పు గుడ్డకు ఎర్రగా అంటుతోంది. మాణిక్యమ్మ గంప నడుమున పెట్టుకొని అక్కడే నిలబడింది. ముల్లు ఎక్కడుందో ఆమెకు తెలుసు. రోజూ చేయి ఎత్తి దాటించే తావు. మొగుడు అక్కడికి దగ్గరవుతుంటే గంప అంచు గట్టిగా పట్టుకుంది.

గుడ్డ పట్టుకుంది. ఒక్క క్షణం అతని మణికట్టు ఆగింది. తర్వాత వేళ్లు విచ్చుకున్నాయి, చేయి వడ్లగింజంత పైకి లేచింది, ముల్లు దాటాక మళ్లీ పిడికిలి బిగిసింది. అతని నడక మారలేదు. అబ్బాస్ అప్పుడే గాలికి అటు తిరిగి, రెండు చేతుల మధ్య అగ్గిపుల్ల పెట్టుకొని బీడీ ముట్టించుకుంటున్నాడు.

"పట్టిందా?" అన్నాడు అటు తిరిగే.

"పట్టలే," అన్నాడు సంజీవ.

మాణిక్యమ్మ నడుము మీది గంపలోంచి నీళ్లు కారి చీర తడిసి కాలి మీదికి దిగుతున్నాయి. ఆమె కదలలేదు.

తుప్పు వదలడానికి తాడును ఒక రోజంతా నూనెలో నానబెట్టాలి. అది షెడ్డులో నలుగురి ముందు చేసే పని కాదని, ఇక్కడే చేసి గురువారం పొద్దున బస్సుకు తీసుకుపోదామని అబ్బాస్ అన్నాడు. కంపెనీ నూనె చిన్న డబ్బాలో తెచ్చాడు. సంజీవ మట్టి గూనలో తాడును చుట్టలు చుట్టలుగా దించి నూనె పోశాడు. ఆ రోజంతా అతను భార్య మొగం చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా గూన వైపే చూశాడు. అందులో పాము ఉన్నట్టు మాణిక్యమ్మ దూరం నుంచి తిరిగి పోతూ ఉంది. పేలిక ఇంకా కొంగులోనే ఉంది. అది దండేనికే ఉండనిచ్చి ఉంటే అదేంటని అబ్బాస్ అడిగేవాడు గదా అని తోచింది.

మరునాడు పొద్దెక్కాక అబ్బాస్ భార్య వజీర్ బీ గంప కింద రెండు కోళ్లను మూసి తీసుకొచ్చింది. మాణిక్యమ్మ ఈడుదే. ఆరో నెల కడుపు. గంప దించి, గోడ పట్టుకొని మెల్లగా కూర్చుంది.

"అక్కా, నా కోళ్లను జర సూస్కోవాలె. నేను పోతున్న," అంది. మొగంలో భయం, సంతోషం రెండూ ఉన్నాయి.

ఎక్కడికని నాగులమ్మ అడిగింది. వజీర్ బీ చేయి పైకెత్తి మొగులు వైపు చూపించి కొంగుతో నోరు మూసుకుంది. బెంగుళూరులో ఆమె పెద్దక్క ఉంది. ఇక్కడ ఏ రోజు ఏమవుతుందో తెలియదు గనుక కాన్పు దాకా అక్కడ ఉండమని అబ్బాస్ అన్నాడట. తాడు తెస్తానన్నందుకు సాబు మెచ్చి ఒక సీటు ఇచ్చాడట. శుక్రవారం విమానాన్ని ఒకసారి ఎగరేసి చూస్తారు, శనివారం జనాన్ని ఎక్కిస్తారు.

"మేం ఎడ్లబండి ఎక్కితేనే కడుపుల దేవుతది," అంది నాగులమ్మ. "నువ్వు గాలిల ఎట్ల పోతవే?"

"భయమైతుందవ్వా. రాత్రి నిద్ర లేదు. కని మా ఇంటాయన అన్నడు, సంజీవ చెయ్యి పడ్డ తాడు, ఇగ నీకేం భయమని." ఆమె మాణిక్యమ్మ వైపు తిరిగింది. "పిల్లలోళ్లు గూడ ఎక్కుతుండ్రంట అక్కా. కాన్పై నెల గూడ నిండని బాలెంత ఒకామె ఉన్నదంట. ఆమే పోతుంటె నాకేంది?"

మాణిక్యమ్మ నోరు తెరిచింది. గూన పక్కన సంజీవ గుడ్డతో తాడు తుడుస్తున్నాడు. అతని చేయి ఆగింది. అయినా తల ఎత్తలేదు. కోళ్లకు ఏం వేస్తవని ఆమె అడిగింది. ఆ మాట తన నోటి నుంచి రావడం విని తనకే అసహ్యం వేసింది. జొన్నలు వేయమని చెప్పి వజీర్ బీ లేచింది. లేచేటప్పుడు ఆసరాకు మాణిక్యమ్మ భుజం పట్టుకుంది. ఆ చేయి బరువు ఆమె పోయాక కూడా అక్కడే ఉన్నట్టనిపించింది.

పొద్దు వాలుతుండగా అత్త పక్కింటికి పోయింది. మాణిక్యమ్మ గూన దగ్గరకొచ్చి నిలబడింది. తాడు ఇప్పుడు తళతళలాడుతోంది. మచ్చలు పోయాయి, కొత్తదానిలాగే ఉంది.

"గుడ్డ పట్టింది," అన్నది.

"మెల్లగ మాట్లాడు."

"నీ చెయ్యి లేసింది. నేను సూసిన."

సంజీవ గుడ్డను పిండి మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు. "ఒక్క తీగె తెగితే తాడు తెగదు. అండ్ల నూరుకు పైన తీగెలుంటయ్. నీకు ఎరుక లేదు."

"మరి చెయ్యెందుకు ఎత్తినవ్?"

అతను వేరే చోట నుంచి మొదలుపెట్టాడు. తాడు తొడగాల్సింది తనే. తొడిగినవాడే మొదటిసారి విమానంలో ఎక్కి కూర్చోవాలి, అది అక్కడి కాయిదా. తన ప్రాణం కూడా అందులోనే ఉంటుంది గదా అన్నాడు. ఏదో లెక్క సరిపోయినట్టు అన్నాడు. మాణిక్యమ్మకు ఆ సంగతి అంతకుముందు తెలియదు. విన్నాక గూన పక్కనే కింద కూర్చుంది.

"నువ్వు ఒక్కసారి ఎక్కి దిగుతవ్," అంది. "ఎనుక ఎక్కేటోళ్లు?"

"అబ్బాసన్న పెండ్లామే ఎక్కుతుంది గద. ఆయినకు అనుమానముంటే ఎక్కిస్తడా?"

"నువ్వు పట్టలే అన్నవని ఎక్కిస్తుండు."

సంజీవ ఆమె వైపు చూశాడు. రెండు రోజుల తర్వాత అదే మొదటిసారి. కళ్లలో కోపం ఉంటుందనుకుంది ఆమె. కోపం లేదు. చీకట్లో దారి తప్పిన పశువు కళ్లలా ఉన్నాయి.

"చెప్పాల్నంటే నేనొక్కణ్నే పోయి సాబు ముంగట నిలవడాలె," అన్నాడు. "తాడు నేను కొయ్యలే, ఇంటికి తెచ్చుకున్న, ఏడాది బట్టలు ఆరేసినం అనాలె. కంపిని సొత్తు అది. ఈ రోజులల్ల జైల్ల వడ్డోడు మళ్ల ఎప్పుడొస్తడో ఎవలికెరుక? నా ఎంబడి అబ్బాసన్న గూడ పోతడు. కోసినం అని చెప్పింది ఆయినే."

లోపల ఎంత తుప్పు పట్టిందో తెలుస్తుందా అని మాణిక్యమ్మ అడిగింది. పేనిన తాడు లోపలిది ఎవరికీ కనపడదని అతను చెప్పాడు. చెప్పాక తన మాట తనకే వినపడినట్టు గూన వైపు చూశాడు. లేచి చేతులు బూడిదతో రుద్దుకుంటూ, రేపు బస్సులో అబ్బాసన్నకు చెప్తానన్నాడు. అది ఆమెను ఊరడించడానికి చెప్పిన మాటేనని ఇద్దరికీ తెలుసు.

గురువారం తెల్లవారుతూనే సంజీవ తాడును గోనెలో చుట్టి మూట కట్టి నట్టింట్లో పెట్టాడు. బావి దగ్గర స్నానానికి పోయాడు. మాణిక్యమ్మ వాకిట్లో కోళ్లకు జొన్నలు చల్లుతుంటే వజీర్ బీ వచ్చింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, నిన్నటి నవ్వు లేకుండా వచ్చింది. ఒక్కొక్క కోడినే పట్టి గంప కిందికి తోస్తూ, "పోతలేనక్కా," అంది.

మాణిక్యమ్మ చేతిలో జొన్నలు అట్లాగే ఉన్నాయి. విమానం పోవడం లేదా అని అడిగింది.

"ఇమానం పోతుంది. నన్నే వద్దంటుండు. ఎందుకంటే చెప్పడు. అక్క తానకు వద్దు, ఏమైనా గానీ ఈడనే కాన్పు గానీ అంటడు. నా జాగల ఇంకెవలో ఎక్కుతరంట." ఆమె గంపను నేలకు అదిమింది. "మంగళారం వచ్చినకాడికెల్లి అట్లనే ఉన్నడు. బుక్కెడన్నం తింటలేడు. నేనేమన్న తప్పు చేసిన్నా?"

లేదన్నది మాణిక్యమ్మ. గంప నెత్తిన పెట్టుకొని ఆ మనిషి సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. మంగళవారం నాటి గాలి గుర్తుకొచ్చింది. అంత గాలేమీ లేదు. బీడీ ముట్టించుకోవడానికి వెనక్కి తిరగాల్సినంత గాలి లేనే లేదు. పట్టిందా అని అడిగిన గొంతులో అడగడం కూడా లేదు.

అబ్బాస్ చూశాడు. చూసి, సంజీవ లేదన్న మాట వెనక దాక్కున్నాడు. సంజీవేమో ఆయన పెండ్లాం ఎక్కుతుంది గదా అన్న మాట వెనక దాక్కున్నాడు. ఇప్పుడు ఆయన తన మనిషిని దించుకున్నాడు. బాలింత అందులోనే ఉంది.

అబ్బాస్ అప్పుడే వచ్చాడు. తెల్లని షేర్వానీ వేసుకున్నాడు, చేతిలో గొడుగు. బస్సు పై ఊరి దాకా పోయి మళ్లిందని, వచ్చే వేళయిందని నాగులమ్మతో అంటూ గడప దాటి మూట భుజాన వేసుకున్నాడు. సంజీవ ఏడని అడిగాడు.

మాణిక్యమ్మ ఎన్నడూ ఆయన ముందు నిలబడి మాట్లాడింది లేదు. అడిగినదానికి తలుపు చాటు నుంచే రెండు ముక్కలు చెప్పేది. ఇప్పుడు నట్టింట్లోకి వచ్చి నిలబడింది.

"వజీర్ బీ కోళ్లను తీస్కపోయిందన్నా," అన్నది.

అబ్బాస్ ఆమె వైపు చూశాడు. చూపు తిప్పుకోవడానికి ఆ చిన్న ఇంట్లో వేరే చోటు దొరకలేదు. మూట భుజం మీంచి జారింది. చేత్తో పట్టుకొని మెల్లగా కింద పెట్టాడు. పెట్టాక నడుము ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"తీస్కపోతే తీస్కపాయె, గవి గుడ్లు వెట్టేటివా?" అంది నాగులమ్మ గడప మీద నుంచి. ఆమె ఒకరి తర్వాత ఒకరి మొగం చూసి ఊరుకుంది.

సంజీవ తడితలతో పెరటి తలుపులోంచి వచ్చాడు. నేల మీది మూటను చూశాడు, ఇద్దరినీ చూశాడు.

"చెల్లెకు ఎరుకైంది," అన్నాడు అబ్బాస్.

"వజీర్ బీని వద్దన్నడంట," అంది మాణిక్యమ్మ మొగుడితో.

సంజీవ నెత్తి తుడుచుకుంటున్న తువ్వాలను కిందికి దించాడు. అతని మొగంలో ఏదో తెగినట్టయింది. రెండు రోజులుగా పట్టుకొని వేలాడుతున్నది ఏదో.

"నాకెరుకనే, నీకెరుకనే," అన్నాడు అబ్బాస్‌తో, గొంతు పెంచకుండా. "ఎరుక లేంది ఎక్కేటోళ్లకే."

అబ్బాస్ గోడకు ఆనుకున్నాడు. ఒక్క పూటలో ముసలివాడయినట్టున్నాడు. "సాబు అడుగుతడు గద సంజీవా. తాడు దొరుకుతదని నేను మాటిచ్చిన. ఏడాది యాడుండె అంటడు. ఏం చెప్తవ్? నా ఇంట్ల సూలాలున్నది. నీ తల్లి ఉన్నది. ఇద్దరం పోతమురా."

సంజీవ తువ్వాలను కొయ్యకు తగిలించాడు. అంగీ తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటుంటే ఒకటి తప్పింది, విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. మాణిక్యమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. ఆ మనిషి వచ్చే శుక్రవారం వస్తాడో, వచ్చే ఏడు వస్తాడో, అసలు వస్తాడో లేదో ఆమెకు తెలియదు. ఆపడానికి చేయి లేవబోయింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

సంజీవ ఆమె ముందు ఒక క్షణం ఆగాడు. తర్వాత ఒట్టిచేతులతో మూటను దాటి, తల్లి పక్కనుంచి గడప దిగి, సాబు ముందు నిలబడడానికి బస్సు వైపు నడిచిపోయాడు.